మూసారాంబాగ్ ఫ్రెంచి దొర

మార్చి 25న, రేమండ్ వర్ధంతి నాడు చేసిన స్మారకోపన్యాసానికి అచ్చు పాఠం

మూసీ పొంగిన ప్రతిసారీ టీవీ తెరల అడుగున ఒక పేరు పరుగెడుతుంది. మూసారాంబాగ్ బ్రిడ్జి మీదికి నీళ్లు, రాకపోకలు బంద్. అంబర్‌పేట పోవాల్సినవాళ్లు తిట్టుకుంటూ చుట్టుదారి పడతారు. మెట్రోలో అయితే వానతో పని లేకుండా ఆ పేరు రోజూ వినబడుతుంది. ఎల్బీనగర్‌లో బయల్దేరిన బండి విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ దాటగానే మూసారాంబాగ్ వస్తుంది. ఇన్ని నోళ్లలో నలిగే ఈ పేరు వెనకున్న మనిషిది ఫ్రాన్సు. మిషెల్ జొవాకిమ్ మారీ రేమండ్. మలక్‌పేట టీవీ టవర్‌కు దగ్గర్లో, ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద, ఆయన సమాధి ఇప్పటికీ ఉంది.

ఫ్రెంచి గురించి ఈ దిక్కున వినిపించే ప్రశ్నలు ఎక్కువగా రెండు చోట్ల పుడతాయి. ఒకటి ఇంటర్ కాలేజీ అడ్మిషన్ల కౌంటరు. సెకండ్ లాంగ్వేజీ సంస్కృతమా, ఫ్రెంచా అని గుమస్తా అడిగితే, తండ్రి ఎదురు ప్రశ్న వేస్తాడు: ‘ఏది తీసుకుంటే మార్కులొస్తయి సార్?’ రెండోది దిల్‌సుఖ్‌నగర్‌లో బోర్డు మీద బోర్డు వేలాడే మేడల్లోని కోచింగ్ సెంటర్. అక్కడ ప్రశ్న ఇంకా సూటిగా ఉంటుంది: ‘ఫ్రెంచి నేర్చుకుంటే కెనడా పీఆర్ వస్తదా?’ ఆ తర్వాతవన్నీ ఇంటికొచ్చాక చుట్టాలు అడిగేవి. రాసిన అక్షరాలన్నీ ఎందుకు పలకరు? కప్పల్ని నిజంగానే తింటారా? మాంసం ముట్టనివాడు అక్కడ ఎట్లా బతుకుతాడు? ఇండియాకు ఇంగ్లీషువాళ్లతో పాటే వచ్చిన వీళ్లు ఎందుకు ఓడిపోయారు?

ఫ్రెంచి అనగానే అత్తరు, ప్రేమ, ఈఫిల్ టవర్ అని సినిమాలు మనకు నూరిపోశాయి. హైదరాబాదు తూర్పు దిక్కుకు మాత్రం ఆ భాష జీతం వెతుక్కుంటూ వచ్చింది. ఇవాళ ఇక్కడి పిల్లలు దాన్ని నేర్చుకుంటున్నదీ బతుకుదెరువుకే. ఇందులో చిన్నబుచ్చుకోవాల్సింది ఏమీ లేదనేదే ఈ ఉపన్యాసం వాదన. సాక్షి ఆ గుట్ట మీదే ఉన్నాడు.

రేమండ్ 1755లో, ఫ్రాన్సు నైరుతి మూల గాస్కనీలోని సెరిన్యాక్ అనే ఊళ్లో, ఒక వ్యాపారి ఇంట పుట్టాడు. 1775లో పుదుచ్చేరి వచ్చింది కొట్టు పెట్టుకుందామని. కొట్టు వదిలి కత్తి పట్టాడు. మొదట మైసూరు హైదర్ అలీ కొలువులోని ఫ్రెంచి దళంలో, తర్వాత ఫ్రెంచి సేనాని బుస్సీ దొర దగ్గర పనిచేశాడు. 1785లో బుస్సీ పుదుచ్చేరిలో కన్నుమూశాక హైదరాబాదు దారి పట్టి, రెండో నిజాం అయిన నిజాం అలీఖాన్ కొలువులో చేరాడు. అప్పుడు ఆయన కింద ఉన్నది 300 మంది. వాళ్ల భుజాల మీది తుపాకులు కూడా సొంతవి కావు. తన దేశపు వ్యాపారి ఒకరి దగ్గర తుపాకీకి నెలకు ఎనిమిది అణాల చొప్పున అద్దెకు తెచ్చినవని ఆనాటి ఇంగ్లీషు రాతలు చెబుతాయి. పదేళ్లు తిరిగేసరికి ఆ బలగం పదివేలు దాటింది. ఫిరంగులు పోయడానికి ఆయన పెట్టించిన కార్ఖానా పేరే ‘తోప్ కా సాంచా’. అబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీ అని ఆటోవాళ్లు పిలిచే చోటు అదే. నిజాం ఆయనకు అజ్దర్ జంగ్ అన్న బిరుదు, జాగీరు ఇచ్చాడు. 1795లో మరాఠాలతో జరిగిన ఖర్దా యుద్ధంలో నిజాం ఓడిపోయినా రేమండ్ పటాలం పరువు మాత్రం పోలేదు. అదే ఏడు నిజాం కొడుకు ఆలీజా తండ్రి మీద తిరగబడితే, వెంటాడి పట్టుకొచ్చే పని కూడా ఈయనకే అప్పగించారు.

ఆ పటాలంలో ఒక వింత ఉండేది. ఫ్రాన్సులో 1789లో విప్లవం వచ్చింది, 1793లో రాజు తల తెగింది. రేమండ్ సైన్యం ఇక్కడ మూడు రంగుల విప్లవ జెండా ఎగరేసింది. సిపాయిల కోటు గుండీల మీద విప్లవకారుల స్వేచ్ఛా టోపీ ముద్ర ఉండేదట. రాజులే వద్దన్న విప్లవానికి గుర్తుగా ఆ టోపీ. దాన్ని గుండీల మీద పెట్టుకున్నవాడు నెలనెలా జీతం తీసుకునేది నవాబు ఖజానా నుంచి. ఈ పొత్తు చూసి నిజాం నవ్వుకున్నాడో లేదో కానీ, ఇంగ్లీషువాళ్లకు మాత్రం నిద్రపట్టలేదు. ఒకపక్క శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాను ఫ్రెంచివాళ్లతో రాయబారాలు నడుపుతున్నాడు, ఇంకోపక్క నెపోలియన్ ఈజిప్టు మీదికి ఓడలు సిద్ధం చేస్తున్నాడు.

సరిగ్గా ఆ సమయంలో, 1798 మార్చి 25న, రేమండ్ చనిపోయాడు. వయసు 42. విషం పెట్టారన్న అనుమానం అప్పుడే పుట్టి ఇప్పటిదాకా చావలేదు. రుజువు ఎవరి దగ్గరా లేదు. ఆయన చోటులోకి పిరోఁ అనే మరో ఫ్రెంచివాడు వచ్చాడు. ఇంగ్లీషు రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్ సెప్టెంబరు 1న నిజాంతో ఒడంబడిక కుదుర్చుకున్నాడు: ఫ్రెంచి పటాలాన్ని రద్దు చెయ్యాలి, ఆ చోట కుంపిణీ సైన్యం ఉండాలి, ఖర్చు నిజాంది. జీతాల బకాయిల కోసం సిపాయిలే పిరోఁ మీద తిరగబడి ఆయన్ని నిర్బంధించారు. అక్టోబరు 22న ఇంగ్లీషు దళాలు ఫ్రెంచి కంటోన్మెంటును చుట్టుముట్టాయి. వందకు పైగా ఫ్రెంచి అధికారులు, పదివేలకు మించిన సిపాయిలు ఉన్న సైన్యం రక్తం చిందకుండా ఆయుధాలు కింద పెట్టింది. దక్కనులో ఫ్రెంచి పలుకుబడికి అదే చివరి రోజు. బాకీపడ్డ జీతం చేసిన పని ఫిరంగులు కూడా చెయ్యలేకపోయేవి.

సైన్యం పోయింది కానీ మనిషి పోలేదు. ‘మొస్యే’ అన్న పిలుపు జనం నోట మూసా అయిందని ఎక్కువమంది చెబుతారు. హిందువులకు ఆయన మూసా రాం, ముస్లింలకు మూసా రహీం. గుట్ట మీది సమాధి దగ్గర సుమారు ఏడు మీటర్ల రాతి స్తంభం నిలబడి ఉంటుంది. దాని మీద జే, ఆర్ అన్న రెండు అక్షరాలే చెక్కారు. బిరుదుల్లేవు, పొగడ్తల్లేవు. ఎదురుగా స్తంభాల మంటపం ఒకటి. ఈ శతాబ్దం మొదట్లో వానలకు కూలిపోతే మళ్లీ నిలబెట్టారు. 1940ల దాకా ఏటా వర్ధంతికి ఇక్కడ ఉర్సు జరిగేది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆ రోజున సమాధికి ఒక చుట్టల పెట్టె, ఒక బీరు సీసా పంపేవాడని చెప్పుకుంటారు. ఫ్రెంచివాడికి వైన్ పంపాలి కదా, బీరేమిటని ఎవరైనా అడగొచ్చు. తీసుకున్నాయన అయితే అభ్యంతరం చెప్పినట్టు లేదు.

పుదుచ్చేరిలో ఫ్రాన్సు తన గవర్నర్లకు తానే విగ్రహం కట్టుకుంది. డూప్లే విగ్రహం అట్లాంటిదే. ఇక్కడ రేమండ్‌ను నిలబెట్టుకున్నది ఈ ఊరి జనం. అందుకే కాబోలు, ఆయన్ని జ్ఞాపకం చేసుకోవడంలో దొరతనం కంటే ఇరుగుపొరుగుతనం ఎక్కువ కనిపిస్తుంది.

కాంట్రాక్టు మీద వచ్చిన ఫ్రెంచివాళ్లలో రేమండ్ చివరివాడేమీ కాదు. 2017 నవంబరులో హైదరాబాదు మెట్రో మొదలైనప్పుడు రైళ్లు నడిపే పని కియోలిస్ అనే సంస్థకు అప్పగించారు. అది ఫ్రాన్సు ప్రభుత్వ రైల్వేకు పిల్ల సంస్థ. అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా లైను 2018 సెప్టెంబరులో తెరిచారు. అంటే రేమండ్ పేరున్న స్టేషన్‌లో ఆగే బండిని నడిపించిందీ ఒక ఫ్రెంచి కంపెనీయే. ఇది ఎవరూ కావాలని కలిపింది కాదు.

ఇంకా వెనక్కి పోతే ఎల్బీనగర్ చౌరస్తాలో విజయవాడ బస్సు కోసం నిలబడేవాళ్లు ఏ దారి పట్టబోతున్నారో ఆ దారే దొరుకుతుంది. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే పాత బాట ఈ దిక్కునే, హయత్‌నగర్ మీదుగా సాగేది. గోల్కొండ రాణి హయత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన ఆ ఊళ్లో మసీదు, బాటసారుల సరాయి ఇప్పటికీ ఉన్నాయి. గోల్కొండకూ మచిలీపట్నానికీ మధ్య తిరిగిన ఫ్రెంచి యాత్రికుల్లో ఇద్దరిని ఇక్కడ చెప్పుకోవాలి. తావెర్నియే వజ్రాల వ్యాపారి. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల దాకా పోయి, పని ఎట్లా చేస్తారో, బేరం ఎట్లా ఆడతారో కళ్లారా చూసి రాసుకున్నాడు. ఆయన పద్నాలుగో లూయీకి అమ్మిన నీలి వజ్రమే కోత మీద కోత పడి ఇవాళ హోప్ డైమండ్ పేరుతో అమెరికాలో ఉంది. తెవెనో 1660లలో వచ్చిపోయాడు. ఫ్రెంచి కంపెనీ మచిలీపట్నంలో కొఠీ తెరిచింది 1669లో. ఆ పట్నంలో ఫ్రెంచిపేట అన్న పేరు దాని గుర్తే. 1947 అక్టోబరులో గానీ ఆ కాస్త జాగా మన చేతికి రాలేదు.

మరి ఎందుకు ఓడారు? తెలుగువాళ్లకు ఈ కథలో సగం బొబ్బిలి పుణ్యాన ముందే తెలుసు. 1751లో సలాబత్ జంగ్‌ను గద్దెనెక్కించింది బుస్సీ. దానికి బదులుగా, సైన్యం ఖర్చుల కింద, 1753లో ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం, ముస్తఫానగర్ సర్కార్ల రాబడి ఫ్రెంచివాళ్లకు దక్కింది. ఆ రాబడి వసూలు చేసుకోవడానికి పోయిన బుస్సీ, విజయనగరం రాజు పక్షాన, 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద పడ్డాడు. కోటలో ఏమైందో ఊరూరా పాడుకున్నారు. 1758లో కొత్తగా వచ్చిన సేనాని లాలీ మద్రాసు పడగొట్టాలన్న తొందరలో బుస్సీని హైదరాబాదు నుంచి వెనక్కి పిలిపించాడు. ఆ ఏడాది డిసెంబరులో చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనంద గజపతి కలిసి ఫ్రెంచి సేనను ఓడించారు. మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పోయింది. అది పోగానే సలాబత్ జంగ్ పక్షం మార్చాడు.

ధైర్యం, తెలివి ఇద్దరికీ ఉన్నాయి. తేడా డబ్బులోనూ ఓడల్లోనూ ఉంది. 1757 తర్వాత ఇంగ్లీషు కంపెనీకి బెంగాల్ రాబడి దొరికింది, సముద్రం మీద వాళ్ల నౌకాదళానిదే పైచేయి. ఫ్రెంచి కంపెనీ అడుగడుగునా ఫ్రాన్సు రాజాస్థానం మొహం చూడాలి. అక్కడి పెద్దలకు ఇండియా కంటే యూరపు యుద్ధాలు ముఖ్యం. డూప్లేను 1754లో వెనక్కి పిలిచిందీ వాళ్లే. ఆంగ్లం వచ్చి ఫ్రెంచి రాకపోవడానికి భాష గొప్పతనంతో ఏ సంబంధమూ లేదు.

భాష సంగతికి వస్తే, మొదటి ప్రశ్న రేమండ్ పేరులోనే ఉంది. ఆ పేరు ఫ్రెంచివాడి నోట రేమోఁ. చివరి డకారం కాగితం మీదే ఆగిపోతుంది. పారిస్ కూడా అంతే, పారీ. ఎందుకంటే ఆ అక్షరాలు ఒకప్పుడు పలికినవే. వందల ఏళ్లలో నోరు మారింది, రాత మారలేదు. పైగా ఊరికే పడి ఉండవు, పక్క మాట అచ్చుతో మొదలైతే కొన్నిసార్లు లేచి కూర్చుంటాయి. రాసిందల్లా చదివే అలవాటున్న తెలుగు పిల్లవాడికి ఇది మొదట మోసంలా అనిపిస్తుంది. చదువుతూ నేర్చుకుందామనుకునేవాడు ఇక్కడే బోల్తా పడతాడు. ముందు చెవి, తర్వాత కన్ను.

అయితే ఈ ఊరివాళ్లకు కొన్ని సౌకర్యాలు పుట్టుకతోనే వచ్చాయి. ఫ్రెంచిలో ముక్కుతో పలికే అచ్చులున్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో వాటిని రాసుకోలేక పిల్లలు తంటాలు పడతారు. మనం అచ్చులోంచి దాదాపు సాగనంపిన అరసున్న దీనికి చక్కగా పనికొస్తుంది: బోఁజూర్ అని నోటుబుక్కులో రాసుకుంటే ఉచ్చారణ చాలావరకు దక్కినట్టే. గొంతు వెనకనుంచి వచ్చే ఫ్రెంచి రకారం తెలుగులో లేదు. కానీ గజల్, గరీబ్ అనే మాటల్లో మొదటి ధ్వనిని పాతబస్తీ పెద్దాయన ఎట్లా పలుకుతాడో చెవిపెట్టి వింటే, ఇంచుమించు అదే. వస్తువులకు లింగభేదం చూసి ఇంగ్లీషువాడు జుట్టు పీక్కుంటాడు. టేబుల్ ఆడది, పుస్తకం మగది ఎట్లా అయిందని అడుగుతాడు. కుర్సీ ఆడదిగా, పంఖా మగదిగా వింటూ పెరిగిన హైదరాబాదీకి అందులో విడ్డూరం లేదు. గుర్తుపెట్టుకునే శ్రమ మాత్రం తప్పదు. నువ్వు, మీరు తేడా అయితే చెప్పనే అక్కర్లేదు. ఎవరిని ‘త్యు’ అనాలో, ఎవరిని ‘వూ’ అనాలో మన పిల్లలు మొదటి రోజే పట్టేస్తారు.

అంకెల దగ్గర మాత్రం ఎవరికీ మినహాయింపు లేదు. అరవై దాకా బాగానే పోతుంది. డెబ్బైకి మాట లేదు, అరవై-పది అంటారు. ఎనభై అంటే నాలుగు ఇరవైలు. తొంభై ఏడు అంటే నాలుగు-ఇరవై-పది-ఏడు. ఫ్రాన్సులో ఫోన్ నంబరు పది అంకెలదే, కానీ ఒక్కొక్కటిగా చెప్పరు, రెండేసి కలిపి ఐదు జంటలుగా చెబుతారు. వినికిడి పరీక్షలో ఒక గొంతు గబగబా నంబరు చెబుతుంది. ‘నాలుగు ఇరవైలు’ వినగానే అభ్యర్థి ఎనిమిది రాసేస్తాడు, తర్వాతి అంకె సున్నా పెడతాడు. ఇంతలో ‘పది-ఏడు’ వినబడుతుంది. కొట్టేసి తొమ్మిది, ఏడు రాసేలోపు రెండు జంటలు దాటిపోతాయి. బెల్జియం, స్విట్జర్లాండు ఫ్రెంచివాళ్లు డెబ్బైకీ తొంభైకీ తిన్నగా ఒక్కో మాట పెట్టుకున్నారు. బుద్ధిమంతులు.

ఇక కెనడా. ఇది ఊహాగానం కాదు, లెక్క. కెనడా శాశ్వత నివాసానికి పాయింట్లు వేసే పద్ధతిలో ఫ్రెంచి బాగా వచ్చినవాళ్లకు, ఇంగ్లీషు కూడా తగినంత ఉంటే, 50 పాయింట్ల దాకా అదనంగా కలుపుతారు. చదవడం, రాయడం, వినడం, మాట్లాడడం నాలుగింటా ఏడో స్థాయి అందుకోవాలి. 2023 నుంచి ఫ్రెంచి వచ్చినవాళ్లకు విడిగా ఆహ్వానాలు కూడా ఇస్తున్నారు. 2024 ఫిబ్రవరిలో అట్లాంటి ఒక విడతలో 336 పాయింట్లున్నవాళ్లకు కూడా పిలుపు వచ్చింది. అదే నెల మామూలు విడతల్లో 530 దాటితే గానీ రాలేదు. ఈ తేడాయే దిల్‌సుఖ్‌నగర్ మేడల మీదికి ఫ్రెంచి బోర్డులు ఎక్కించింది. సాఫ్ట్‌వేరు ఉద్యోగంలో ఉన్న ముప్పై ఏళ్లవాళ్లు ఆదివారం పొద్దున క్రియా రూపాలు వల్లెవేస్తున్నారంటే కారణం ఇదే.

బోర్డు మీద ‘మూడు నెలల్లో’ అని ఉంటే మాత్రం ఒకసారి ఆగాలి. ఆ ఏడో స్థాయి అంటే ఇంచుమించు యూరపు కొలతలో బీ2. ఏమీ రానివాడు అక్కడికి చేరాలంటే ఆరువందల గంటల చదువు మామూలు అంచనా. కెనడాకు పనికొచ్చే పరీక్షలు టెఫ్, టీసీఎఫ్. వాటి ఫలితం చెల్లేది రెండేళ్లే. అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లో రాసే డెల్ఫ్‌కు గడువు లేదు, బతికినంత కాలం చెల్లుతుంది, కానీ కెనడా దరఖాస్తుకు దాన్ని ఒప్పుకోరు. ఈ తేడా తెలియక ఒకటి చదివి ఇంకోదానికి ఫీజు కట్టినవాళ్లు ఉంటారు.

భాషను పాయింట్ల కోసం నేర్చుకోవడం చూసి పెదవి విరిచే పెద్దమనుషులు ఉన్నారు. సాహిత్యం చదవరట, రుచి లేదట. కొట్టు పెట్టుకుందామని వచ్చి, అద్దె తుపాకులతో బతుకు మొదలుపెట్టిన గాస్కనీ కుర్రాడికి కూడా దక్కను మీద కావ్యదృష్టి ఏమీ లేదు. ఉద్యోగం ఉండబట్టి ఇక్కడ ఉన్నాడు, ఉన్నందుకు ఇక్కడివాడయ్యాడు. అయినా ఫ్రెంచి అంటే ఒక్క ఫ్రాన్సే కాదు. ప్రపంచంలో ఆ భాష మాట్లాడేవాళ్లు 2022లో 32 కోట్లని అంచనా, అందులో ఎక్కువమంది ఆఫ్రికాలో ఉన్నారు. కాంగో రాజధాని కిన్‌షాసా జనాభాలో పారిస్‌ను మించిపోయింది.

తిండి గురించి అడిగేవాళ్లు ముందు కప్పల దగ్గరే మొదలుపెడతారు. తింటారు, కానీ రోజూ కాదు. చాలా ఇళ్లలో అసలే వండరు. ఈ ప్రశ్న అడిగే మనకు ఒక సంగతి తెలియాలి. 1987లో నిషేధం వచ్చేదాకా కప్పకాళ్లను పెద్ద ఎత్తున ఎగుమతి చేసిన దేశం మనదే. మన పొలాల్లో పట్టిన కప్పలు మంచుగడ్డల్లో యూరపు చేరేవి. కప్పలు తగ్గి పురుగులు పెరిగాయన్న గోల మీదే ఆ వ్యాపారం ఆగింది.

భోజనం తీరు మాత్రం మనకు పరాయిది కాదు. అన్నీ ఒకేసారి కలిపి తినరు. ముందు చిన్న వంటకం, తర్వాత అసలుది, ఆ తర్వాత చీజ్, చివర తీపి. పప్పు, కూర, పులుసు, చారు అయ్యాక పెరుగుతో ముగించే తెలుగు విస్తరిని తెలిసినవాడికి ఈ క్రమం ఇట్టే అర్థమవుతుంది. పాలతో చేసింది భోజనం చివరి దశలో రావాలన్న పట్టింపు ఇద్దరికీ ఉంది. 2010లో యునెస్కో ఈ ఫ్రెంచి భోజన పద్ధతిని వారసత్వ జాబితాలో చేర్చింది. బాగెత్ అనే పొడుగు రొట్టె తయారీ 2022లో ఆ జాబితాకెక్కింది. పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్టు. 1993 ఉత్తర్వు ప్రకారం సంప్రదాయ బాగెత్‌లో రసాయనాలు కలపకూడదు.

శాకాహారికి కష్టం రొట్టెతో రాదు, చీజ్‌తో వస్తుంది. కామాంబేర్, కోంతే, రోక్‌ఫోర్ లాంటి పేరున్న చీజ్‌లకు పాలు విరగడానికి పశువు పొట్టలోంచి తీసిన రెనెట్ వాడతారు. డబ్బా మీద పచ్చచుక్క వెతికితే దొరకదు, ఆ పద్ధతే అక్కడ లేదు. అమ్మలు పిల్లలకు ఆవకాయ సీసాలు కట్టిచ్చేటప్పుడు ఈ సంగతీ చెప్పి పంపితే మంచిది.

క్రోసాఁ గురించి ఒక మాట. అది పుట్టింది ఆస్ట్రియాలో. 1830ల చివర పారిస్‌లో ఒక వియన్నా బేకరీ పెట్టాక ఫ్రెంచిది అయింది. పొరల పిండి పనితనం మాత్రం ఫ్రాన్సు నేర్పిందే. పిండిలో వెన్న పెట్టి మడిచి, ఒత్తి, మళ్లీ మూడు మడతలు వెయ్యాలి. పఫ్ పేస్ట్రీకి పాత లెక్క ఆరుసార్లు. మూడును ఆరుసార్లు హెచ్చవేస్తే 729 పొరలు. పొయ్యిలో వెన్నలోని తడి ఆవిరై ఒక్కో పొరనూ పైకి లేపుతుంది. చైతన్యపురి బేకరీలో సాయంత్రం నాలుగింటికి గాజుబీరువాలోకి వచ్చే ఎగ్‌పఫ్ కూడా ఈ లెక్క మీదే నిలబడింది. వెన్న చోటికి వనస్పతి వచ్చింది, మడతలు తగ్గాయి, లోపల ఉల్లిపాయ కారం, సగం గుడ్డు చేరాయి. పళ్ల కింద కరకరమని రాలి చొక్కా మీద పడే తునకలు మాత్రం అవే.

మర్యాదల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఒక్కటి తెలిస్తే సగం గండాలు గడుస్తాయి. దుకాణంలోకి పోగానే ‘అన్నా, అరకిలో టమాటా’ అన్నట్టు పని మొదలుపెట్టకూడదు. ముందు బోఁజూర్ అనాలి, అవతలివాడూ అనేదాకా ఆగాలి, ఆ తర్వాతే టమాటా. ఇది మరిచినవాళ్లే పారిస్‌వాళ్లకు పొగరని వచ్చి చెబుతారు.

ఫ్రెంచి పాలనలో తెలుగువాళ్లు బతికిన చోటు యానాం. 1954 దాకా గోదావరి పాయ పక్కన ముప్పై చదరపు కిలోమీటర్ల ఫ్రాన్సు అది. బ్రిటిషిండియాలో 1930లో శారదా చట్టం అమల్లోకి వచ్చాక, పసిపిల్లల పెళ్లిళ్లకు చుట్టుపక్కల జిల్లాల వాళ్లు మేళతాళాలతో యానాం దారి పట్టారు. సరిహద్దు దాటితే చట్టం వర్తించదు. విప్లవాల దేశపు నీడ మనవాళ్లకు ఇట్లా కూడా అక్కరకొచ్చింది. అంతకు వందేళ్ల ముందే ఆ రేవు నుంచి ఇంకో రకం ప్రయాణం మొదలైంది. 1828 నుంచి తెలుగు కూలీలను ఫ్రెంచివాళ్ల రీయూనియన్ దీవికి చెరుకు తోటల పనికి తీసుకుపోయారు. ఆ దీవి ఇవాళ ఫ్రాన్సులో భాగం. అక్కడి జనం వీళ్లనూ తమిళులనూ కలిపి ‘మలబార్’ అన్నారు. ఏ తీరంవాళ్లో అడగలేదు. పక్కనే ఉన్న మారిషస్‌కు కోరంగి రేవు నుంచి పోయినవాళ్ల మనుమలు బడిలో తెలుగు చదువుకుంటారు, ఇంట్లో ఫ్రెంచి మాటలతో అల్లుకున్న క్రియోల్ మాట్లాడతారు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దేశంలో జరిగాయి. కెనడా పాయింట్ల గొడవ పుట్టకముందే బతుకుదెరువు ఫ్రెంచి నేర్పిన తెలుగువాళ్లు వీళ్లు.

ఎదురు దిక్కు రాకపోకలు కూడా ఉన్నాయి. గాస్తోఁ కేర్దూ అనే జెసూట్ మతగురువు 1732లో వచ్చి తెలుగు సీమలో పనిచేశాడు, తెలుగు, సంస్కృతం, ఫ్రెంచి కలిపి నిఘంటువు కూర్చాడు. సంస్కృతానికీ లాటిన్, గ్రీకులకూ చుట్టరికం ఉందని 1760లలోనే పారిస్ పండితులకు ఉత్తరం రాశాడు. విలియం జోన్స్ కలకత్తాలో ఆ మాట అన్నది 1786లో. పేరు మాత్రం జోన్స్‌కు దక్కింది. కేర్దూ రాత అచ్చయ్యేసరికి 1808 వచ్చింది.

పారిస్‌లో ఇనాల్కో అనే ప్రాచ్యభాషల విద్యాసంస్థ తెలుగును పాఠంగా చెబుతుంది. అక్కడ తెలుగు బోధించిన డేనియల్ నెజెర్స్ పరిశోధనకు ఎంచుకున్నది బుర్రకథను. ఆంధ్రదేశంలో బుర్రకథ దళాలు కట్టిన కథల్లో బొబ్బిలి ముందు వరుసలో ఉంటుంది, అందులో కోట మీద ఫిరంగులు పేల్చే దొర బుస్సీ. పారిస్ విద్యార్థులు తెలుగు నేర్చుకుంటూ బుర్రకథ దాకా వస్తే, తమ దేశపు సేనాని తెలుగు పల్లెల్లో ఎట్లాంటి పేరు తెచ్చుకున్నాడో తెలుగులోనే వింటారు.